నాలుగు ఖాళీలు

మూడంటే మూడు లైన్ల దిద్దుబాటు. దాన్ని ఆవిడ మూడోసారి వెనక్కి కొట్టింది.

"మళ్ళీ తొందరయ్య గారేనా అక్కా?" పక్క సీట్లోంచి టెస్టింగ్ తమ్ముడు తొంగి చూశాడు.

"ఇంకెవరు! నా ప్రాణానికి దాపురించాడు మహానుభావుడు."

ఇళ్ళలో రోగుల మంచం పక్కన ఊపిరి యంత్రాలు పెడతారు కదా, అవి నిమిషానికో సందేశం అంబులెన్స్ సెంటరుకి పంపుతుంటాయి. ఆ సందేశాలను విప్పి చదివే సి కోడ్ లైబ్రరీ, అంటే ఓ కంప్యూటర్ ప్రోగ్రాం, ఆవిడ చేతిలో ఉంది. పదకొండేళ్ళుగా కన్నబిడ్డలా సాకుతోంది. బయటివాళ్ళెవరైనా ఆ కోడ్ చూడొచ్చు, దిద్దుబాట్లు పంపొచ్చు. ఆవిడ సరేనంటే మర్నాటికల్లా సెంటరు కంప్యూటర్లలోకి చేరిపోతుంది.

ముక్కూ మొహం తెలియని, వీళ్ళే తొందరయ్య అని పేరు పెట్టుకున్న ఆ పెద్దమనిషి మొదటి ఉత్తరం పన్నెండు రోజుల కిందట వచ్చింది.

"అమ్మా, సందేశాల వరుస నంబరు అరవై అయిదు వేలు దాటాక మళ్ళీ సున్నాకొస్తుంది. మీ లైబ్రరీ దాన్ని పాత సందేశం అనుకుని పారేస్తోంది. ఆ తర్వాత యంత్రం ఎంత మొత్తుకున్నా సెంటరుకి వినపడదు. దయచేసి పద్నాలుగు రోజుల్లో సరిచేయండి."

ఆవిడ లెక్కేసింది. అంత నంబరు రావాలంటే యంత్రం నలభై అయిదు రోజులు ఆగకుండా నడవాలి. మధ్యలో ఒక్కసారి ఆపినా లెక్క మొదటికొస్తుంది.

"అన్ని రోజులు ఆపకుండా ఎవరు నడుపుతారు సార్?" అని రాసింది. "పైగా ప్రతి లైను ముందు నాలుగు ఖాళీలు వదలడం మా పద్ధతి. మీరు మూడే వదిలారు. సరిచేసి పంపండి."

"నడిపేవాళ్ళుంటారమ్మా," అని జవాబొచ్చింది. ఖాళీలు ఒకచోట కుదిరాయి, రెండుచోట్ల తప్పాయి. ఉత్తరంలో సగం అక్షరాలు మింగేశాడు.

"ఒంటి వేలితో కొట్టినట్టున్నాడు," తమ్ముడు నవ్వాడు. ఆవిడకీ నవ్వాగలేదు.

ఇవాళ మూడోసారి పంపినదాంట్లో ఒక్క లైనే తప్పింది. పైన ఒకే ముక్క రాశాడు. "అమ్మా, ఇంక రెండు రోజులే ఉంది."

"ఆ ఒక్క ఖాళీ నువ్వే కొట్టెయ్యరాదా అక్కా? చిటికెలో పని."

"ఇవాళ ఒకరికి కొడితే రేపు అందరూ నా నెత్తికెక్కుతారు. నిదానమే ప్రధానం. నేర్చుకోనీ."

ఆ తర్వాత తొందరయ్య నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. అలిగాడు కాబోలు అనుకుంది. నిజం చెప్పాలంటే హాయిగానే అనిపించింది.

వారం తిరక్కుండానే సెంటరు నుంచి ఫిర్యాదొచ్చింది. ఎవరో రోగికి ఊపిరి గొట్టం ఊడిపోయింది. యంత్రం పదకొండుసార్లు హెచ్చరిక పంపింది. ఒక్కటీ అందలేదు. ప్రాణం పోయింది. యంత్రం ఆగకుండా నడుస్తున్న నలభై ఆరో రోజది.

ఆవిడ తొందరయ్య పంపిన మూడు లైన్లు తెరిచి, తప్పిన ఆ ఒక్క ఖాళీ తనే కొట్టి, వాటిని లైబ్రరీలో చేర్చింది. లోపం పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

సిగ్గుతో ఉత్తరం రాసింది. "సార్, మీరు చెప్పిందే నిజం. తప్పు నాది. మీ దిద్దుబాటు పెట్టేశాను. దాని కింద ఏ పేరు రాయమంటారు?"

రెండు రోజులకి జవాబొచ్చింది. ఈసారి అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయి.

"అమ్మా, నేను ఆయన భార్యని. ఆ నలభై ఆరో రోజు మంచం మీద ఉన్నది ఆయనే, నేను మందులకని గడప దాటేటప్పుడు కూడా, కదిలే ఆ ఒక్క వేలితో మీరు చెప్పిన ఖాళీలే లెక్కపెట్టుకుంటున్నారు."