వెనక్కి ఆనుకో

"వెనక్కి ఆనుకో చాచా! నువ్వు ముందుకు వంగితే బరువంతా నా చేతుల మీదే పడుతోంది," అన్నాడు సుఖారీ, కలకత్తా బౌబజార్ వీధిలో మోకాళ్ళ లోతు వాననీళ్ళలో చేతిరిక్షా లాగుతూ.

ముప్పయ్యేళ్ళు ఆ రిక్షాను లాగిన బటేసర్ దాని సీటు మీద కూర్చోవడం ఇదే మొదటిసారి. పొద్దున దగ్గితే రక్తం పడింది. సుఖారీ బలవంతంగా ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళుతున్నాడు.

"ఆనుకునే ఉన్నాన్రా."

"ఏం ఆనుకోవడం? ఎక్కిన ప్రతివాడికీ 'వెనక్కి జరగండి బాబూ' అని పాఠం చెప్పేవాడివి. నీ దాకా వచ్చేసరికి మరిచిపోయావా?"

"ముందు నువ్వు గంట సరిగ్గా కొట్టడం నేర్చుకో, వెధవా."

మలుపులో చేతులు నొప్పెట్టి, సుఖారీ విసుగ్గా రిక్షా కర్రలు కిందికి దించాడు. వెళ్ళి బటేసర్ గుండె మీద చెయ్యి వేసి వెనక్కి నొక్కాడు.

"అబ్బా!"

అప్పుడు చూశాడు సుఖారీ. అంత నొక్కినా ముసలాయన నడుము సీటు వెనక భాగాన్ని తాకడం లేదు. ఇంకా రిక్షా లాగుతున్నట్టే వంగి ఉంది.

"ఎప్పట్నుంచి ఇలా?"

"ఏమో. నేనెప్పుడు ఆనుకున్నాను గనక తెలియడానికి?"

సుఖారీ భుజం మీది తుండుగుడ్డ చుట్టి ఆ సందులో దోపాడు. మళ్ళీ ముందుకొచ్చి, కర్రలు ఎత్తే ముందు ఎందుకో తన నడుము నిటారుగా సాచాలని చూశాడు.

"నీ నడుమూ అంతవరకేనా లేచేది?" అని వెనక నుంచి మెల్లగా అడిగాడు బటేసర్.