నడిచే ఇల్లు

తుఫాను హెచ్చరిక రాగానే పల్లెపాలెం ఇళ్లన్నీ ఎప్పటిలాగే కాళ్ల మీద లేచి మెట్ట వైపు నడక మొదలుపెట్టాయి. పక్కింటి సింహాచలం ఇల్లు మాత్రం ఒక కాలు విరిగి కూలబడింది. స్థలం తగాదాతో ఏళ్లుగా మాటల్లేకపోయినా, కిటికీలోంచి చూసిన బంగారమ్మ గోడ మీద దబదబా బాదింది.

“ఆగు! ఆయన్ని ఎక్కించుకుందాం,” అంది తన ఇంటితో.

“నా బాధ్యత మీ వరకేనండి,” అంది ఇల్లు.

ఆమె కిందికి దూకి, వానలో పరుగెత్తి సింహాచలం పక్కన నిలబడింది. తన మనిషిని వదిలి ఏ ఇల్లూ పోకూడదు. ఆమె ఇల్లు వెనక్కొచ్చి చతికిలబడింది.

“ఎక్కవయ్యా, అలొచ్చేత్తంది!”

సింహాచలం ఎక్కి లోపలంతా కలియజూశాడు.

“నడిత్తుంటే ఇంత ఊగుద్దేటి మీ ఇల్లు?”

“నచ్చకపోతే దిగు!”

అందరికంటే వెనకగా, పోట్లాడుకుంటూ ఇద్దరూ మెట్టకు చేరారు.