ఇంజిన్ బిగించేదెవరు

"ఎనిమిది సిలిండర్ల ఇంజినే వేయిద్దాం వదినా. పోయిన అన్నయ్య కోరిక అది," అంటూ మరిది లీలండ్ పాత పికప్ ట్రక్కు బానెట్ దించేశాడు.

వెర్నా దాన్ని మళ్లీ ఎత్తింది. "ఇంతకుముందున్నటువంటి ఆరు సిలిండర్లది చాలు. ఎండుగడ్డి మోయడానికే కదా!"

"ఇంజిన్ల సంగతి నీకేం తెలుసు? నలభై ఏళ్లు ఈ బండిని బతికించింది మా ఆర్విల్ అన్న!"

వెర్నా చేతిలోని రెంచి బల్ల మీదికి విసిరికొట్టింది.

"రెండుసార్లు ఇంజిన్ మొత్తం విప్పి బిగించింది నేను! మీ అన్న పక్కన లైటు పట్టుకున్నాడు. ఊరంతా ఆయన్ని పొగుడుతుంటే నోరు మూసుకున్నాను."

"చచ్చినవాడి మీద చాడీలా?"

"అయితే నువ్వే చెప్పు, ఇప్పుడు ఇందులో ఏం పోయింది?"

లీలండ్ వంగి చూశాడు. ఒక వైరు కదిపి, మళ్లీ నిటారుగా నిలబడ్డాడు.

"మూడో పిస్టన్ పగిలింది. శబ్దం వినే పసిగట్టాను నేను."

"నువ్వే బిగించావని అన్నయ్య మాతో ఒక్కసారి కూడా అనలేదే," అన్నాడు లీలండ్ మెల్లగా.

"అనలేదు." అప్పుడుగాని వెర్నాకు అర్థం కాలేదు, పొద్దుటి నుంచి తను మండిపడుతున్నది ఈ మరిది మీద కాదని.

లీలండ్ టల్సా పట్నంలోని పాత బండి సామాన్ల కొట్టుకు ఫోన్ చేశాడు. "ఆరు సిలిండర్లదే పంపండి. బిగించేదా? మా వదినే. ఇదివరకూ ఆవిడే బిగించింది."

ఆ మాట అత్తింటివాళ్ల నోట వినడం వెర్నాకు అదే మొదటిసారి.