జింక మెడలో ఏదుముళ్లు

మోదుగుపూల పండగకి జింక కొత్త హారం వేసుకొచ్చింది. నల్లా తెల్లా ఏదుముళ్లు, మధ్యమధ్య ఎర్రటి గురివింద గింజలు. కోతులూ ఉడతలూ చుట్టూ మూగాయి.

"అబ్బ, బొరియలవాళ్ల మోడల్! ఇప్పుడిదే ఫ్యాషన్!"

అప్పుడే ఏదుపంది ఆయాసపడుతూ వచ్చి జింకకి అడ్డంగా నిలబడింది.

"ఎక్కడిదే ఆ హారం?"

"మీ బొరియ పక్క ముళ్లకంపకి వేలాడుతుంటే తెచ్చుకున్నా వదినా. ఊరికే ఎండకి పాడవుతోందని."

"అవి నా బిడ్డ ముళ్లు! పోయిన నెల పాము కరిచి చచ్చిపోయింది. బిడ్డ పోతే దాని ముళ్లు గుచ్చి, తొలివాన పడేదాకా ఆ కంపకే ఉంచుతాం. కన్నతల్లిని, నేనే ముట్టుకోను. నువ్వు మెడలో వేసుకుని గంతులేస్తావా? తియ్యి!"

జింక తల దించుకుంది. ఒక్క క్షణమే.

"అయ్యో పాపం, నాకేం తెలుసు? అయినా నా వల్లే కదా మీ పనితనం పదిమందికీ తెలిసింది! ఈ ఒక్క పూట ఉంచుకోనీ, ఇంకా డాన్సు మొదలవలేదు. అన్నట్టు, దీనికి జతగా కమ్మలేమైనా ఉన్నాయా?"

ఏదుపంది మెల్లగా వెనక్కి తిరిగింది. దాని వీపుమీది ముళ్లన్నీ ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి.

"ఉన్నాయి. ఇలా రా, నేనే పెడతాను."