ఆపితే అంతే!

"ఆ కడ్డీ నడిరోడ్డు మీద ఊడొచ్చిందనుకో, మన గతేంటి చైతూ?"

శరణ్య భయం చూసి చైతు నవ్వాడు. అతను స్కార్పియో వెనక గొంతుక్కూచుని, మిలిటరీ వేలంలో మోజుపడి కొన్న పాత జిప్సీ జీపుని ఇనప కడ్డీతో దానికి తగిలిస్తున్నాడు. ఘాజియాబాద్ ఇల్లు ఖాళీ చేసి నోయిడా ఫ్లాట్‌కి మారుతున్నారు. బళ్ళు రెండు. డ్రైవింగ్ వచ్చింది అతనొక్కడికే.

"తాడుతో లాగితే వెనక బండిలో ఇంకో మనిషి కూచోవాలి. దీనికి అక్కర్లేదు. మనం ఎటు తిరిగితే అటు అదే తిరుగుతుంది. ఇవాళ నోయిడా, ఎండాకాలానికి హిమాలయాలు!"

"గొలుసు కూడా ఒకటి వెయ్యకూడదూ?"

"కట్టెయ్యడానికి అదేమన్నా గేదా?"

చైతు జిప్సీ ఎక్కి గేరు న్యూట్రల్ చేశాడు. పక్కనున్న ఫోర్‌వీల్ లివర్నీ న్యూట్రల్‌లోకి తోశాడు. హ్యాండ్‌బ్రేక్ దించాడు. తాళంచెవి మాత్రం తియ్యలేదు.

"తాళం దానికే వదిలేశావేం?"

"తీస్తే స్టీరింగ్ లాకైపోతుంది. ముందు చక్రాలు తిరగవు."

"ఎవరైనా ఎక్కి తోలుకుపోతే?"

"మనం ఆపితేగా ఎక్కేది! దారిలో ఎవడు చెయ్యి ఊపినా, అద్దం బాదినా ఆపేది లేదు. ఠక్‌ఠక్ ముఠా సంగతి తెలుసుగా?"

తెలియకేం! అద్దం మీద తట్టి, టైరు పోయిందనో ఆయిల్ కారుతోందనో చెబుతారు. నమ్మి ఆపితే అంతే. చైతు ఆఫీసులో ఇద్దరికి లాప్‌టాప్‌లు పోయాయి. ఒకాయనకి కారే పోయింది.

చైతు దిగొచ్చి కడ్డీ కొసన లావుపాటి పిన్ను దించాడు. పిన్ను పైకి లేవకుండా పెట్టే చిన్న క్లిప్పుని, "ఇది కాస్త పట్టుకో" అంటూ ఆమెకిచ్చాడు. ఆమె దాన్ని పసుపు కుంకుమల పళ్ళెంలో పడేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది.

"ముందు ఎక్కి ఇవి తొక్కించు! వర్జ్యం వచ్చేస్తోంది."

చైతు చేతులు దులుపుకుని స్టీరింగ్ ముందుకి ఉరికాడు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని శరణ్య పక్కన కూచుంది. నిమ్మకాయలు చిట్లాయి. బళ్ళు కదిలాయి.

జనవరి పొద్దు. పొగమంచులో పది గజాల అవతల రోడ్డు లేదు. వెనక సీట్లలో పరుపులు పైకప్పు దాకా ఉన్నాయి. అద్దంలో అవే కనిపిస్తున్నాయి తప్ప జిప్సీ జాడ లేదు. పక్క అద్దాల్లోనూ అంతే. స్కార్పియో వెడల్పు చాటున అది పూర్తిగా దాగిపోయింది.

పెద్ద గతుకులో బండి ఎగిరిపడింది. వెనక ఖంగున మోత.

"ఏంటది?" ఉలిక్కిపడింది శరణ్య.

"నీ గిన్నెల మూట" అని చైతు కాలు నొక్కాడు. స్కార్పియో దూసుకుపోయింది. "చూశావా పికప్పు! వెనక బండి ఉన్నట్టే లేదు!"

కాసేపటికి ఆమె కిటికీ మీద ఎవరో బాదారు.

ఠక్. ఠక్. ఠక్.

పక్కనే మోటార్‌సైకిల్. దాని మీద ఇద్దరు. మంకీ క్యాపులు, మూతులకి మఫ్లర్లు. కళ్ళు తప్ప ఏమీ కనిపించటం లేదు. వెనక కూచున్నవాడు రోడ్డు వెనక్కి చూపిస్తూ అరుస్తున్నాడు.

"గాడీ రోకో! పీఛే దేఖో!"

"ఆపి వెనక్కి చూడమంటున్నారు చైతూ!"

"అటు చూడకు."

ఈసారి అద్దం మీద ఇనుము మోగింది. వాడి చేతిలో జానెడు ఇనప ముక్క ఉంది!

"చైతూ, పగలగొట్టేస్తాడు! పోనీ!"

పొగమంచులోకి గుడ్డిగా పోనిచ్చాడు చైతు. ఎదురుగా లారీ వచ్చింది. ఒక్క అంగుళంలో తప్పించాడు. మోటార్‌సైకిల్ వదల్లేదు. "దీదీ! అరే దీదీ!" ఆ కేక చెవిలోనే వినిపిస్తోంది. పళ్ళేన్ని గుండెకి అదుముకుని తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కింది శరణ్య. మెల్లగా చప్పుడు వెనకబడింది. ఆగిపోయింది.

"విసిగిపోయారు వెధవలు" అన్నాడు చైతు.

ముందు పోలీసు చెక్‌పోస్టు కనిపించింది. శరణ్యకి ఏడుపొచ్చింది. బండి ఆపీ ఆపకముందే చైతు తల బయటపెట్టి అరిచాడు.

"భాయ్‌సాబ్, ఠక్‌ఠక్ గ్యాంగ్! మా జిప్సీ కొట్టెయ్యడానికి వెంటపడ్డారు!"

కానిస్టేబుల్ బండి చుట్టూ నడిచి వచ్చాడు.

"కౌన్‌సీ జిప్సీ?"

ఇద్దరూ దిగి పరిగెత్తారు. స్కార్పియో వెనక ఖాళీ కొక్కెం వేలాడుతోంది. శరణ్య చేతిలోని పళ్ళెం చూసుకుంది. కుంకుమలో కూరుకుపోయి, ఎర్రగా, క్లిప్పు.

మనిషి లేని బండి. ఆ మంచులో ఎవరి మీదికి పోయిందో! బడికెళ్ళే పిల్లలు... సైకిళ్ళ మీద పాలవాళ్ళు...

"ఎవరికీ ఏమీ కాకుండా చూడు స్వామీ" అంటోంది పైకే.

అప్పుడు మంచులోంచి రెండు లైట్లు వచ్చాయి. జిప్సీ! ఆ వెనకే మోటార్‌సైకిల్. జిప్సీ ఆగింది. అందులోంచి మంకీ క్యాపువాడు దిగి, మఫ్లర్ కిందికి లాగాడు. ఇంకా మీసాలు సరిగ్గా రాని మొహం, రొప్పుతోంది. చేతిలోని ఇనప ముక్కని చైతు అరచేతిలో పెట్టాడు.

కడ్డీ పిన్ను.

"పొలంలోకి దిగి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు" అన్నాడు హిందీలో. తర్వాత తాళంచెవి తీసి శరణ్యకి ఇస్తూ మందలించాడు.

"తాళం దానికే వదిలేస్తారా దీదీ? ఈ రోడ్డు మీద అన్నీ దొంగ ముఠాలే!"