కుర్చీ బరువు

"ఇక చాలు. ఆ కుర్చీ ఇలా ఇచ్చెయ్యి," అన్నాడు వీబ్రెన్.

ఏడేళ్ల మారిత్ కుర్చీ వీపును రెండు చేతులా గట్టిగా పట్టుకుంది తప్ప ఇవ్వలేదు. ఇవ్వడానికి అది ఖాళీగానూ లేదు. అందులో వాళ్ల అమ్మమ్మ హిస్కె కూర్చుని ఉంది, నల్లకోటు మెడదాకా బిగించుకుని, ఒళ్లో చేతిసంచీ పెట్టుకుని.

ఊరివెనక పచ్చికబయలులో నీళ్లు నింపడం, అవి గడ్డకట్టాక పిల్లలకు స్కేటింగ్ నేర్పడం ఐస్ క్లబ్బు పని. కొత్తగా స్కేట్లు కట్టుకున్న పిల్ల ముందు పాత వంటింటి కుర్చీ ఒకటి పెడతారు. దాన్ని తోసుకుంటూ జారడం అలవాటయ్యాక కుర్చీ తీసేస్తారు. రెండు రోజులు, మహా అయితే మూడు. నీళ్లు గడ్డకట్టి ఇది ఐదో రోజు, ఆఖరి రోజు కూడా. సాయంత్రానికి ఫ్రీస్లాండ్ ప్రాంతమంతటా వాన పడుతుందని రేడియో పొద్దుటినుంచీ చెబుతోంది. మళ్లీ ఇంత మంచు ఏ ఏటికి కడుతుందో తెలియదు. క్లబ్బుకు ఉన్నవి నాలుగు కుర్చీలు. వాటికోసం తొమ్మిదిమంది పిల్లలు ముక్కులు చీదుకుంటూ గట్టుమీద నిలబడి ఉన్నారు.

బడిలో పాఠాలూ, మంచు కట్టినప్పుడు ఇక్కడ స్కేటింగూ నేర్పే వీబ్రెన్‌కు మోకాళ్లు పీకుతున్నాయి. వంగి వంగి పిల్లల స్కేట్లకు లేసులు బిగించి నడుము పట్టేసింది. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు.

"ఖాళీ కుర్చీ నాకంటే ముందు పారిపోతుంది మాస్టారూ," అంది మారిత్. "అమ్మమ్మ కూర్చుంటేనే నిలుస్తుంది."

మొదటిరోజునుంచీ అదే మాట. గట్టుమీద ఒకావిడ, ఇది పాఠమా రాణీగారి ఊరేగింపా అని అందరికీ వినబడేలా అడిగింది. ఆ రాణీగారు మధ్యాహ్నం సూప్ తాగడానికి వెళ్తే ముప్పావుగంట రారనీ, అంతసేపూ కుర్చీని ఆవిడ చేతిసంచీ ఏలుతుందనీ పక్కావిడ అందుకుంది. హిస్కె విననట్టే కూర్చుంది. భర్త డౌవె పోయినప్పటినుంచి ఆమె ఎవరికీ జవాబు చెప్పడం మానేసింది.

మధ్యాహ్నందాకా చూస్తాననీ, ఆ తర్వాత కుర్చీ వేరేవాళ్లకిస్తాననీ చెప్పి వీబ్రెన్ పక్కకు తప్పుకున్నాడు.

పన్నెండు కొట్టగానే హిస్కె లేచి సూప్ కొట్టుకు వెళ్లింది. మంచు ఎక్కడెక్కడ మెత్తబడుతోందో చూడడానికి వీబ్రెన్ రెల్లుపొదల అవతలికి వెళ్లాడు. అక్కడ మారిత్ ఉంది. కుర్చీ లేదు. చేతులు వెనక్కి కట్టుకుని, నడుం వంచి, అవతలి గట్టుదాకా ఒకే ఊపున జారి వెళ్లి, అడ్డంగా తిరిగి ఆగింది. ఆగినచోట మంచుపొడి లేచింది.

వెనక్కి తిరిగేసరికి అతను కనబడ్డాడు. వెంటనే పడిపోయినట్టు చతికిలబడింది.

"లే," అన్నాడు వీబ్రెన్. "ఎప్పటినుంచి వచ్చు నీకు?"

"రెండోరోజునుంచి."

"మరి ఈ నాటకం దేనికి? అక్కడ తొమ్మిదిమంది ఎదురుచూస్తున్నారు."

మారిత్ చేతితొడుగుతో ముక్కు తుడుచుకుంది. "నాకు రాలేదంటేనే అమ్మమ్మ వస్తుంది. వచ్చేసిందని తెలిస్తే ఇంటికెళ్లి పరదాలు వేసేసుకుంటుంది."

ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. ఆ ఊళ్లో చావు జరిగితే తప్ప వీధివైపు పరదాలు వేసుకునే ఇల్లు లేదు. డౌవెను సాగనంపిన రోజు వేసిన పరదాలు హిస్కె నాలుగు నెలలపాటు తియ్యలేదు. నీళ్లు గడ్డకట్టిన మొదటిరోజు పొద్దున తీసింది.

"రేపు మంచు ఉండదు కదే. అప్పుడేం చేస్తావు?"

"ఇవాళ ఉందిగా," అంది మారిత్.

వీబ్రెన్ గట్టుకు తిరిగొచ్చాడు. ముప్పై ఏళ్లుగా పిల్లల చదువు గురించి తల్లులతో ఉన్నదున్నట్టు చెప్పిన మనిషి, ఆ పిల్లకు మడమల్లో బలం లేదనీ, కుర్చీ తీస్తే ఎముకలు విరుగుతాయనీ గట్టుమీది ఆడవాళ్లతో చెప్పాడు. క్లబ్బు గదిలో టికెట్లు చింపే ముసలాయన్ని లేపి, ఆయన కుర్చీ తెచ్చి మిగతా పిల్లలకిచ్చాడు. ముసలాయన సణుగుతూ నిలబడే టికెట్లు చింపాడు.

నాలుగింటిదాకా మారిత్ తోస్తూనే ఉంది. హిస్కె కూర్చునే ఉంది. రెల్లుదాకా వెళ్లడం, వెనక్కి రావడం. ఒకటి రెండుసార్లు మారిత్ తడబడి మోకాళ్లమీద పడింది కూడా. బాగానే పడింది.

తొలి చినుకులు రాలాయి. వీబ్రెన్ ఈల ఊది అందర్నీ బయటికి పంపాడు. మారిత్ స్కేట్లు విప్పుకోవడానికి గదిలోకి పోయాక, హిస్కెకు చెయ్యి అందించి కుర్చీలోంచి లేపాడు.

"పాపకి ఇంకా రాలేదండీ," అన్నాడు ఆమె మొహం చూడకుండా. "పై ఏడు చూద్దాం."

హిస్కె సంచీ చేతికి తగిలించుకుంది. "సూప్ కొట్టు కిటికీలోంచి రెల్లు అవతలంతా కనిపిస్తుంది వీబ్రెన్. ముప్పావుగంట తాగేంత సూప్ వాళ్ల గిన్నెలో పట్టదు."

వీబ్రెన్ ఖాళీ కుర్చీని ఎత్తి చంకలో పెట్టుకున్నాడు.

"నాకు తెలుసని దానితో అనకు," అందామె. తడిమంచుమీద అడుగులో అడుగు వేసుకుంటూ గట్టెక్కి, అక్కడ ఆగింది. "రేపు ఎనిమిదింటికల్లా నన్ను తయారుగా ఉండమంది. దానికి సైకిల్ తొక్కడం రాదట, నేర్పాలట. సరేనన్నాను. పోయిన వేసవిలో దానికి సైకిల్ నేర్పింది నేనే."