మీటరు ఆగిన వంటిల్లు

వీధికొక చిన్న అణు కేంద్రం వచ్చాక, నెలనెలా రేడియేషన్ తనిఖీకి మనిషి రావడం గ్యాస్ బండి రావడమంత మామూలైపోయింది. ఆ రోజు తనిఖీకి వచ్చిన నీలవేణి మీటరు పట్టుకుని పైడితల్లి ఇంట్లో అడుగుపెట్టింది. వసారాలో అప్పుడప్పుడూ టిక్కుమన్న మీటరు నడవలో గడగడా మోగింది. అణు కేంద్రం గోడను ఆనుకుని ఉన్న వంటింట్లోకి రాగానే దాని చప్పుడు పూర్తిగా ఆగిపోయింది.

"హమ్మయ్య, ఆగింది. అంటే ఏటీ లేనట్టేగా మేడమ్?" అంది పైడితల్లి పులుసు కలుపుతూ. ఆమె కూతురు నేలమీద గిన్నెలతో ఆడుకుంటోంది.

నీలవేణి మీటరు వంక చూసింది. మామూలు గాలిలో కూడా ఆ మీటరు ఎంతో కొంత మోగాలి. ఆగిందంటే అది చెడిపోయి ఉండాలి, లేదా అది కొలవలేనంత రేడియేషన్ అక్కడ ఉండాలి. ఆమె నడవలోకి వెనక్కి అడుగేసింది. మీటరు మళ్లీ గడగడా మోగింది. అది చెడిపోలేదు.

పారిపోవాలనిపించింది. కానీ లోపలికే వెళ్లి పాపను ఎత్తుకుంది.

"నా వెనకే వచ్చెయ్యమ్మా."

"పొయ్యి కట్టేసొస్తానండి."

"వద్దు. అలాగే వదిలెయ్."

ఆ గొంతు విని పైడితల్లి గరిటె వదిలేసింది. ఇద్దరూ వీధి చివరిదాకా పరుగెత్తారు. వీధంతా ఖాళీ చేయించమని నీలవేణి ఫోన్ చేసింది.

"పాపకేటవుతాదండి?" అంది పైడితల్లి.

నీలవేణికి అబద్ధం చెప్పాలనిపించింది.

"తెలీదమ్మా. అంబులెన్సు వస్తోంది," అంది, పాపను ఇంకా కిందికి దించకుండానే.